కొత్త వస్తువులో పాతదనం: వెలిసిన జీన్సు – ఒక పరిశీలన

అప్పుడే కొన్న జీన్సుకు తొడల మీద రంగు వెలిసి, మోకాళ్ల దగ్గర దారాలు తేలి ఉండటం నేడు ఎవరికీ వింతగా తోచదు. చాలాకాలం వాడిన వస్తువు మీద మమకారం కలగడం సహజం. కాని పాతబడకుండానే పాతగా కనిపించే వస్తువును కోరి కొనడానికి వివరణ కావాలి. ఆ పాతదనం కృత్రిమమని తెలిసినా ఎందుకు ఆకర్షిస్తుంది, ఆ అరుగుదల నిజానికి ఎవరిది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అరుగుదల – అనుమానప్రమాణం

జీన్సు గుడ్డలో పడుగు నూలుకు నీలిరంగు వేస్తారు. పేక నూలు తెల్లగానే ఉంటుంది. పడుగులో కూడా నీలిమందు పోగు లోపలిదాకా ఇంకక పైపొరలోనే నిలుస్తుంది. అందువల్ల రాపిడి తగిలిన చోటల్లా లోపలి తెలుపు బయటపడుతుంది. 1873లో జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ కంపెనీ రాగి రివెట్ల ప్యాంటుకు అమెరికాలో పేటెంటు పొందిన నాటికి అది శ్రామికుల పనిబట్ట. తొడిగినవాడు ఏ మోకాలు వంచాడో, ఏ జేబులో ఏం పెట్టుకున్నాడో ఆ గుడ్డే చెబుతుంది.

తర్కపరిభాషలో అరుగుదల హేతువు, గడిచిన కాలం సాధ్యం. పొగను బట్టి నిప్పును ఊహించినట్టే వెలిసిన మోకాలిని బట్టి ఏళ్ల వాడకాన్ని ఊహిస్తాం. ఆస్ట్రియా కళాచరిత్రకారుడు అలోయిస్ రీగ్ల్ 1903లో స్మారకాలను గురించి రాస్తూ, కాలం మిగిల్చిన ఇటువంటి గుర్తులకు ఉన్న ఆకర్షణను ‘ప్రాచీనతా విలువ’గా నిర్వచించాడు. దానిని గ్రహించడానికి పాండిత్యం అక్కరలేదన్నాడు. కొత్త వస్తువులో అకాలంగా కనిపించే శైథిల్యం మనకు రుచించదని కూడా అన్నాడు. ఈ రెండవ మాటను నేటి విపణి తలకిందులు చేసింది. ఒక్క దుస్తులే కాదు, 1995లో ఫెండర్ సంస్థ కొత్త గిటార్లకు కావాలనే గీతలు పెట్టి, రంగు లేపి ‘రెలిక్’ పేరుతో అమ్మకానికి తెచ్చింది.

చిత్రతురగ న్యాయం

కొనేవాడు మోసపోతున్నాడనడం తేలిక, కాని సరికాదు. అతనికి అంతా తెలుసు. ఇక్కడ శ్రీశంకుకుని రసచర్చ ఉపకరిస్తుంది. బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రమన్నట్టే ప్రేక్షకుడు నటుని రామునిగా గ్రహిస్తాడు. ఆ గ్రహణం యథార్థజ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానమూ కాదు, సంశయమో సాదృశ్యజ్ఞానమో కూడా కాదు. కృత్రిమ విభావాదుల నుంచే భావాన్ని అనుమానించి ఆస్వాదిస్తాడు. అభినవభారతి ఈ మతాన్ని పూర్వపక్షం చేసి తోసిపుచ్చింది. రసవిషయంలో ఆ ఖండన బలమైనదే అయినా, దుస్తుల విషయంలో శంకుకుని మాటే బాగా అతుకుతుందని నా అభిప్రాయం. వెలిసిన జీన్సు ఒక ఆహార్యం. తొడిగినవాడే నటుడు, మొదటి ప్రేక్షకుడూ అతడే. అయితే చిరుగు తన ఇష్టంతో వచ్చిందని చూసేవారికి తెలియాలి. మాసిక వేసి దాచుకోవలసిన అవసరం ఉన్నవారికి ఈ ఆహార్యంలో స్వారస్యం కనిపించదు.

అరగదీసిన చెయ్యి

శంకుకుని పోలిక ఇక్కడివరకే. రంగస్థలం మీద గాయం రంగుతో దిద్దినది; జీన్సు మాత్రం నిజంగానే అరిగింది. హేతువు అబద్ధం కాదు, దాని నుంచి మనం ఊహించే మనిషే వేరు. ఏళ్ల తరబడి తొడుక్కున్నవాడికి బదులుగా అక్కడ కర్మాగారంలోని కూలీ ఉన్నాడు.

ప్యూమిస్ రాళ్లతో యంత్రంలో ఉతకడం ఒక పద్ధతి. గాలి ఒత్తిడితో ఇసుకను గుడ్డ మీదికి చిమ్మే సాండ్‌బ్లాస్టింగ్ మరొకటి. పరికరాలు చవక, ఫలితం వేగం. ఆ ఇసుకలోని సిలికా సన్నని ధూళిగా మారి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. గనుల్లో, రాతిపనుల్లో సాధారణంగా పదేళ్లకు పైబడి ధూళి పీల్చాక కనిపించే ఆ వ్యాధిని, కొద్ది సంవత్సరాలే ఈ పని చేసిన యువకుల్లో తుర్కియే వైద్యులు 2000 తర్వాతి దశాబ్దంలో గుర్తించారు. వారిలో అనేకులు తూర్పు ప్రాంతాల నుంచి వలస వచ్చి, నమోదుకాని చిన్న కార్ఖానాల్లో పనిచేసినవారు. తొడిగేవాడికి పదేళ్ల పాతదనాన్ని నిమిషాల్లో సమకూర్చిన పనే, చేసినవాడి ఊపిరితిత్తులను అకాలంగా శిథిలం చేసింది.

తుర్కియే ప్రభుత్వం 2009లో ఈ పద్ధతిని నిషేధించింది. 2010లో లెవీ స్ట్రాస్, హెచ్ అండ్ ఎమ్ సంస్థలు దీనిని మానుకుంటున్నట్టు ప్రకటించాయి. లేజరు యంత్రాలు కూడా వాడుకలోకి వచ్చాయి. ఇసుక లేకుండా రంగును పోగొట్టే పొటాషియం పర్మాంగనేటు పిచికారీ కూడా ఉంది. అది ఊపిరితిత్తులకు, కళ్లకు హానికరం. అంగడిలో చేతికందే ప్యాంటు మీద ఈ పద్ధతుల్లో ఏది వాడారో ఆ వెలిసిన మోకాలిని చూసి కొనుగోలుదారు పోల్చుకోలేడు.