ఆవృత్తులకు అన్వయము: కంపైలరు చేయు వరుస మార్పులు

పద్యమునకు అన్వయము చెప్పునపుడు కవి కూర్చిన పదముల వరుసను మార్చుదుము, అర్థమును మార్చము. విభక్తి తోడుండుటచే పదమెచ్చటికి జరిగినను దాని సంబంధము చెడదు. సమాసమునందు ఈ స్వేచ్ఛ లేదు: రాజగృహము వేరు, గృహరాజము వేరు. మానవుడు వ్రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోనికి మార్చు కంపైలరు సైతము ఇట్టి పనినే చేయుచున్నది. ఒకే పనిని పలుమారులు చేయించు ఆజ్ఞావళికి లూపు అని పేరు. మనము ఆవృత్తి యనవచ్చును. పెద్ద గణనలలో అధికకాలము వీనియందే గడచును.

వేయి అడ్డువరుసలు, వేయి నిలువువరుసలు గల పట్టికలోని సంఖ్యలను కూడవలెననుకొందము. ఒక్కొక్క సంఖ్యకు 8 బైట్లు. సి భాషలో ఇవి మెమరీయందు అడ్డువరుస తరువాత అడ్డువరుసగా నుండును. యంత్రము ఒకమారు తెచ్చుకొనునది సాధారణముగా 64 బైట్లు, అనగా 8 సంఖ్యలు. అడ్డువరుసల వెంట పోయినచో 1,25,000 మారులు తెచ్చిన చాలును. నిలువుగా పోయినచో ఒక్క నిలువువరుసకే 64,000 బైట్లు తేవలెను. కాష్ అను చేరువ మెమరీ 32 కిలోబైట్లే యైనచో, రెండవ నిలువువరుసకు వచ్చునప్పటికి మొదట తెచ్చినవి అందుండవు. మొత్తము పది లక్షల మారులు తేవలసివచ్చును! మన బళ్లారి నల్లరేగడిలో ప్రత్తి తీయువారు చాలు వెంబడి సాగుదురే గాని, మొక్కకొక చాలు దాటుచు పోరు. వెలుపలి లూపును లోపలికి, లోపలి దానిని వెలుపలికి మార్చినచో ఈ నష్టము తీరును. పట్టికను మడులుగా విభజించి, ఒక్కొక్క మడిని ముగించుచు పోవుట మరియొక పద్ధతి. ఒకే సంఖ్య పదేపదే కావలసిన మాత్రికల గుణకారమున ఇది మిక్కిలి ఉపకరించును.

అయితే ఈ మార్పు అంతట చెల్లదు. ప్రతి గడిలోని విలువకు, పై వరుసలో ఒక గడి కుడివైపుననున్న విలువ కావలెననుకొనుడు. అడ్డుగా నడచినపుడు పై వరుస అంతయు ముందే సిద్ధమై యుండును. నిలువుగా నడచినచో కుడివైపు గడి ఇంకను లెక్కింపబడదు, ఫలము తప్పగును. ఇదియే మన సమాసము. కాని ఉపాయమున్నది: ప్రతి అడ్డువరుసను దాని పై వరుసకంటె ఒక గడి కుడికి జరుపుడు. కావలసిన విలువ ఇపుడు సరిగా నెత్తిమీదికి వచ్చును, నిలువునడక నిర్దుష్టమగును. ఆవృత్తులను ఇట్లు ఏటవాలుగా నడపు విధానమును 1974లో లెస్లీ లాంపోర్ట్ ప్రకటించిరి.

ఇట్టి మార్పులలో ఏది చెల్లునో, ఏది లాభకరమో తానే వెదకికొను ప్లూటో అను సాధనమును ఉదయ్ బొందుగుల, సదయప్పన్ మున్నగువారు 2008లో ప్రకటించిరి. బొందుగులవారు తరువాత బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులైరి.

దశాంశ సంఖ్యల కూడికలో మరియొక చిక్కు కలదు. యంత్రము ప్రతి మెట్టునను అంకెలను కుదించును గాన, వరుస మారినచో చివరి అంకె మారవచ్చును. అందుచే కంపైలర్లు సాధారణముగా ప్రత్యేకానుమతి లేనిదే అట్టి కూడికల వరుసను ముట్టవు.