కోడిపెట్ట ఆల్చిప్ప ముక్కలు ఎందుకు తింటుంది?

గుడ్డు పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటే. సున్నపురాయిలో ఉండేదీ అదే! ఒక్క పెంకుకు 2 గ్రాములకు పైగా కాల్షియం కావాలి. పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. చీకటి పడితే కోడి మేత ముట్టదు. మరి కాల్షియం ఎక్కడిది?

కొంత ఎముకల నుంచే. గుడ్లు పెట్టే వయసు రాగానే పెట్ట కాలి ఎముకల బోలులో గుల్లగా ఉండే ప్రత్యేకమైన ఎముక పెరుగుతుంది. రాత్రి అది కరిగి రక్తానికి కాల్షియం ఇస్తుంది, పగటి మేతతో మళ్లీ నిండుతుంది. ఎంత చక్కని ఏర్పాటో చూడండి! మేతలో కాల్షియం చాలకపోతే మాత్రం గట్టి ఎముకలు కూడా అరిగిపోతాయి. పాపం, అలాంటి పెట్ట సరిగా నిలబడలేదు, ఎముకలు ఇట్టే విరుగుతాయి.

అందుకే గుడ్ల కోళ్ల మేతలో కాల్షియం 4 శాతం దాకా ఉంచుతారు. సాయంత్రం ఆల్చిప్ప ముక్కలు వేస్తే ఇంకా మేలు. పొడి త్వరగా కరిగిపోతుంది, పెద్ద ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. పేగులు కాల్షియాన్ని పీల్చుకోవడానికి విటమిన్ డి3, ఎముక గట్టిపడడానికి భాస్వరం కూడా కావాలి. కోడిపిల్లలకు మాత్రం ఈ మేత పెట్టకూడదు. అంత కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.