మాలపల్లియందలి యూరితగవు

గుంటూరు మండలమందలి నల్లరేగడి పల్లెలలో 1921-22 సంవత్సరములయందు రెండు తగవులు ప్రక్కప్రక్కనే యుండినవి. మొదటిది సర్కారుతోడిది. బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలోని రైతులు శిస్తు చెల్లింపమని పట్టుపట్టిరి. కరణములు, మునసబులు పెక్కురు రాజీనామా లిచ్చిరి. పర్వతనేని వీరయ్యచౌదరి శాంతిసేనను నడపెను. చౌరీచౌరా యుదంతము పిమ్మట 1922 ఫిబ్రవరిలో గాంధీమహాత్ముఁడు శాసనోల్లంఘనము నాపఁగా నిదియు సమసెను.

రెండవది యూరిలోపలి తగవు. శిస్తు పట్టాదారుని బాధ. పట్టా లేని పాలేరునకుఁ గల లెక్క కూలి యొక్కటియే. జొన్నలు కొలిచి కూలి యిచ్చునంతకాలము ధరలు పెరిగినను వాని గంజికి లోటు రాదు. రూకలుగా నిచ్చినచో ధర పెరిగినకొలఁది గంజి పలుచనగును. ప్రత్తికాయ విచ్చిన పిమ్మట, మిరపపండు ఎఱ్ఱబడిన పిమ్మట రైతు ఆగలేఁడు. వాన పడెనా, సరకు చెడును. కూలివాని బలమంతయు నా కొలఁది దినములలోనిదే. తక్కిన కాలమంతయు బలము అప్పిచ్చువానిది.

ఈ తగవును గ్రంథస్థము చేసినవాఁడు ఉన్నవ లక్ష్మీనారాయణ. ఆయన 1877లో గుంటూరు మండలమందలి వేములూరుపాడున జన్మించి, డబ్లినులో బారిష్టరు చదివి, సహాయనిరాకరణోద్యమమునఁ జెఱసాల కేఁగి, యచ్చట మాలపల్లి వ్రాసెను. 1922లో వెలువడిన యీ నవలకు సంగవిజయమను నామాంతరము గలదు. ఇందుఁ గూలీలను గూడఁగట్టిన సంగదాసును మోతుబరి చౌదరయ్య కొట్టి చంపును. చంపినవాఁడు సర్కారు మనిషి గాఁడు, ఊరిపెద్ద. చచ్చినవాఁడు ఆ పెద్ద కుమారుఁడగు రామానాయుని ప్రాణమిత్రుఁడు. సంగదాసు సోదరుఁడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గఁడను పేర ధనికులను దోచి పేదలకుఁ బంచును. జాతీయోద్యమ దినములలో ప్రతినాయకునిగా దొరను నిలుపుట సులభము. ఉన్నవ యూరిలోనే వెదకెను. గ్రంథము వాడుకభాషలో నుండుట నాఁటి పండితులు కొందఱకు రుచింపకపోవచ్చును గాని, కూలిబేరము గ్రాంథికమున సాగదు గదా! ఊరితగవైనను సర్కారునకు భయము గొల్పెననుటకు 1923లో మదరాసు ప్రభుత్వము దీనిని నిషేధించుటయే సాక్ష్యము.

ఆ తగవు నవలతో ముగియలేదు. నాఁడు ప్రకాశం జిల్లాలోనిదైన కారంచేడులో 1985 జూలై నెలలోఁ ద్రాగునీటి చెరువుకడ మాటామాటా పెరిగినది. అది కూలి తగవు గాదు, నీటిది. 17వ తేదీన భూస్వాములు దళితవాడపైఁ బడఁగా నార్గురు దళితులు హతులైరి. మిగిలినవారు ఊరు విడిచి చీరాలలో శిబిరము వేసికొనిరి.