కాగితం చూడని కళ్లు

1983 నవంబరు 14, బాలల దినోత్సవం. సాయంత్రం 7 గంటలకు హైదరాబాదు దూరదర్శన్‌లో తొలిసారిగా తెలుగు వార్తలు ప్రసారమయ్యాయి. చదివినవారు శాంతిస్వరూప్. ఊరికి ఒకటో రెండో టీవీలున్న కాలమది. టీవీ ఉన్నవారి వరండాలో పెద్దలు కుర్చీల్లో, పిల్లలు నేల మీద సర్దుకు కూర్చుని చూసేవారు. అంతదాకా తెలుగువారికి వార్త అంటే పొద్దున్న వచ్చే పత్రిక, లేకపోతే రేడియోలో వినిపించే గొంతు. ఆ సాయంత్రం నుండి వార్తకు ఒక ముఖం వచ్చింది.

ఆ ముఖం అంత తొందరగా తెర మీదికి రాలేదు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. శాంతిస్వరూప్ మరుసటి ఏడాదే అందులో చేరారు. తెలుగు వార్తలు మొదలవడానికి ఆ తర్వాత ఐదేళ్లు పట్టింది. ఎదురుచూపు అంటే ఏమిటో విశ్వాసులకు ఒకరు చెప్పనవసరం లేదు. అయితే ఖాళీగా ఎదురుచూడడం వేరు, సిద్ధపడుతూ ఎదురుచూడడం వేరు. కెమెరా ముందు కూర్చున్న తొలి రోజు నుండే ఆయన చదివిన తీరు గమనించినవారికి ఆ ఐదేళ్లు ఊరికే పోలేదనిపిస్తుంది.

ఇప్పుడు స్టూడియోల్లో టెలిప్రాంప్టర్ ఉంటుంది. కెమెరాకు ముందున్న అద్దం మీద అక్షరాలు కదులుతూ పోతుంటాయి. చదివేవారు వాటిని చూస్తూ చదువుతుంటే, మనకేమో మన కళ్లలోకి చూసి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. శాంతిస్వరూప్‌కు ఆ సదుపాయం లేదు. దాదాపు పదేళ్ల పాటు కాగితాల మీది వార్తలను ముందుగా కంఠస్థం చేసి, తలెత్తి ప్రేక్షకులను చూస్తూ చెప్పారు. పద్యం ఒకసారి నోటికి వస్తే జన్మంతా ఉంటుంది. వార్త అలా కాదు, ఇవాళ్టిది రేపు పనికిరాదు. మంత్రుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు రోజూ కొత్తవే. ఒక్క అంకె తారుమారైనా సరిదిద్దుకునే సమయం ఉండదు. అంత శ్రమ ఎందుకంటే, తల వంచుకుని కాగితంతో మాట్లాడేవాడి మాట ఎదుటివారికి అందదు గనుక.

మన సంఘాల్లో వాక్యపఠనం చేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. ఆరాధన మొదలయ్యాక పేజీలు వెదుక్కుని, తడబడుతూ ముగించేవారిని చూస్తున్నాం. చదువురాని అవ్వ ఒకరు ముందు వరుసలో చెవులు రిక్కించి కూర్చుని ఉంటుంది. ఆమెకు లేఖనం అందే దారి ఆ చదివేవాని గొంతే. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని ఉదయం నుండి మధ్యాహ్నం దాకా చదివిన రోజున, జనులకు అర్థమయ్యేలా స్పష్టంగా చదవడాన్ని నెహెమ్యా గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది (నెహెమ్యా 8:8). చదవడం కూడా పరిచర్యే అని అక్కడ తెలుస్తుంది. ఇంట్లో నాలుగుసార్లు బిగ్గరగా చదువుకుని వచ్చేవారు మన సంఘాల్లో ఎందరో మరి!

ఆ రోజుల దూరదర్శన్‌ను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. అది ప్రభుత్వ సంస్థ. ప్రసార భారతి 1997లో గాని రాలేదు. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావును ముఖ్యమంత్రి పదవి నుండి తొలగించి, సెప్టెంబరులో తిరిగి కూర్చోబెట్టిన ఆ నెల రోజుల్లో, తెలుగు టీవీ వార్తలంటే అదొక్కటే. ఏ వార్త ముందు రావాలో, ఏది రాకూడదో నిర్ణయించేది చదివేవారు కాదు. ఇతరులు రాసిన మాటలకు తన ముఖాన్ని, గొంతును ఇవ్వడం తేలికైన పనేమీ కాదు. తప్పు రాసినవారెవరో జనానికి తెలియదు, చదివినవారి ముఖమే గుర్తుంటుంది. అలాంటి చోట కూడా శాంతిస్వరూప్‌కు దక్కినది గౌరవమే. అరవలేదు, వార్తకు తన కోపాన్నో సంతోషాన్నో పూయలేదు. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాక తెలుగు వార్తలకు వేగం వచ్చింది, ప్రభుత్వాన్ని నిలదీసే స్వేచ్ఛా వచ్చింది. ఆ స్వేచ్ఛ మంచిదే. కాని నలుగురు ఒకేసారి అరిచే చర్చల్లో ఏది జరిగిన సంగతో, ఏది చెప్పేవారి అభిప్రాయమో విడదీసుకోవడం ఇంట్లో కూర్చున్న పెద్దలకు కష్టంగానే ఉంది.

ఆయన భార్య రోజారాణి కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివినవారే. శాంతిస్వరూప్ 2011లో పదవీ విరమణ చేశారు. 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన నవలలు కూడా రాశారన్న సంగతి చాలామందికి తెలియదు. క్రికెట్ పిచ్చి మీద ‘క్రేజ్’, సతీసహగమనం మీద ‘అర్ధాగ్ని’ రాశారు. ‘రాతి మేఘం’ మాత్రం 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుండి విషవాయువు వెలువడి, నిద్రలోనే వేలమందిని బలిగొన్న ఘోరం గురించి. బులెటిన్‌లో అలాంటి వార్తకు దక్కేది కొద్ది నిమిషాలే. అదీ ముఖంలో ఏ భావమూ కనబడకుండా చదవాలి. ఆ నిమిషాల్లో చెప్పలేనిదాన్ని ఆయన ఇంటికి వచ్చి, కాగితాలు ముందు పెట్టుకుని, ఒక నవలగా రాసుకున్నారు.