మెరిసే బండికే ధరా? పాత మోటార్‌సైకిళ్లపై అపోహలు – వాస్తవాలు

2016 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌లో బోన్హామ్స్ సంస్థ ఒక వేలం నిర్వహించింది. కార్న్‌వాల్ ప్రాంతంలో యాభై ఏళ్లకు పైగా మూలనపడి ఉన్న బ్రఫ్ సుపీరియర్ మోటార్‌సైకిళ్లు ఆ వేలానికి వచ్చాయి. తుప్పు పట్టి, దుమ్ము కొట్టుకుపోయి, కొన్నయితే ఏ భాగానికి ఆ భాగంగా ఊడిపోయి ఉన్నాయి. వాటిలో బీఎస్4 అనే మోడల్ ఒక్కటే 3,31,900 పౌండ్లు పలికింది. ఆస్టిన్ కారు ఇంజిన్‌తో, వెనక జంట చక్రాలతో 1930ల్లో వచ్చిన ఈ మోడల్ బళ్లు మొత్తం తయారైనవే పది.

మన దగ్గర పాత బండి అమ్మాలనుకుంటే ముందుగా దాన్ని పెయింటరు దగ్గరికి తోలతారు. తళతళలాడితేనే ధర వస్తుందన్నది ఈ రంగంలో అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన అపోహ. ఎక్కువ నష్టం చేసిందీ ఇదే. పాత బుల్లెట్ ట్యాంకునే చూడండి. దాని మీది బంగారు గీతలను చెన్నై ఫ్యాక్టరీలో కుంచె పట్టి చేత్తో గీసేవారు. ఎండలో దగ్గరగా చూస్తే గీత ఒకచోట రవ్వంత లావుగా, మలుపు దగ్గర సన్నగా కనిపిస్తుంది. స్టిక్కరు గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే మందంలో పోతుంది. కొత్త రంగు కొట్టేందుకు ట్యాంకును గీకేసిన రోజున ఆ చేతిగీత పోతుంది, ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు. ఫ్యాక్టరీలో మామూలు పూత వేసిన బోల్టులకు కూడా క్రోమ్ చేయించడం, పాత మీటరు తీసి కొత్తది బిగించడం కూడా ఇలాంటివే. బాగుచేస్తున్నామనుకుంటూ బండి చరిత్రను చెరిపేస్తుంటారు.

అలాగని రీస్టోర్ చేసిన బండికి విలువ ఉండదని కాదు. 1907 నాటి హార్లే డేవిడ్సన్ స్ట్రాప్ ట్యాంక్ ఒకటి రీస్టోర్ చేయకుండానే 2015లో 7.15 లక్షల డాలర్లకు పోయింది. అదే మోడల్‌లో 1908 నాటిది రీస్టోర్ చేశాక 2023 జనవరిలో లాస్ వెగాస్‌లో 9.35 లక్షల డాలర్లు తెచ్చింది. కానీ దాని ట్యాంకు, చక్రాలు, సీటు కవరు దాకా ఆనాటివే. కొన్నవారు డబ్బు పెట్టింది ముఖ్యంగా వాటికి.

పాతదైతే చాలు, లక్షలు వస్తాయన్నది మరో నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్‌లో తయారైన బీఎస్ఏ ఎం20లు దాదాపు 1,26,000. ఎనభై ఏళ్లు దాటిన బండే అయినా అరుదైనది మాత్రం కాదు. దానికన్నా పాతికేళ్లు చిన్నదైన హోండా సీబీ750 సంగతి వేరు. 1969లో అమెరికా డీలర్లకు చూపించడానికి చేసిన కొద్దిపాటి నమూనా బళ్లలో ఒకటి 2018లో ఇంగ్లండ్ వేలంలో 1,61,000 పౌండ్లకు అమ్ముడైంది. వయసు కన్నా ఎన్ని తయారయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎవరు నడిపారు అన్నవే ధరను నిర్ణయిస్తాయి. 1953లో ఆస్ట్రేలియాలో వేగం రికార్డు నెలకొల్పిన విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ 2018లో 9.29 లక్షల డాలర్లు పలకడానికి కారణం అదే.

ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఒకటే ఉంటే అసలు బండి, లేకపోతే అతుకుల బొంత అని చాలామంది తేల్చేస్తారు. యుద్ధం తర్వాతి విన్సెంట్ ట్విన్ బళ్లలో చాసిస్ నంబరు ఇంజిన్ నంబరు కన్నా సరిగ్గా 1900 ఎక్కువ ఉండాలి. రెండూ ఒకటే ఉన్నాయంటే అక్కడే అనుమానించాలి. బీఎస్ఏ గోల్డ్ స్టార్‌లో ఈ రెండు నంబర్లకూ పొంతనే ఉండదు. ఏ ఇంజిన్ ఏ చాసిస్‌తో ఫ్యాక్టరీ గేటు దాటిందో కంపెనీ పాత రిజిస్టర్లే చెప్పాలి. అంకెల కన్నా అంకెలున్న చోటును చూడటం నేర్చుకోవాలి. ఆ రోజుల్లో ఒక్కో అంకెను పంచ్‌తో, సుత్తితో కొట్టేవారు కాబట్టి వరుస కాస్త వంకరగా ఉండటం సహజం. అంకెల చుట్టూ లోహం అరగదీసినట్టు నున్నగా ఉండి, ఆ పక్కనే పోత గరుకు కనబడితే పాత నంబరు చెరిపి కొత్తది కొట్టారన్న అనుమానం రావాలి.

రాజ్‌దూత్ 350 అంటే జపాన్ యమహా ఆర్‌డీ350యేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెంటిదీ 347 సీసీ జంట సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజినే. అయితే జపాన్ బండి శక్తి 39 హార్స్‌పవర్. 1983 నుంచి ఎస్కార్ట్స్ ఇక్కడ తయారుచేసిన హెచ్‌టీ రకానికి 30.5, ఎల్‌టీ రకానికి దాదాపు 27. అక్కడి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, ఇక్కడ డ్రమ్ము. ఇది తెలియక జపాన్ భాగాలు తెప్పించి బిగిస్తే బండి వేగం పెరుగుతుందేమో గానీ, అది ఇక మన రాజ్‌దూత్‌గా మిగలదు. ఆర్‌ఎక్స్ 100 విషయంలో మోజు మరీ ఎక్కువ. 2018లో ఆ పేరుతోనే తెలుగు సినిమా వచ్చిందంటే మన కుర్రకారులో దాని స్థానం అర్థమవుతుంది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఈ బండికి తర్వాతి ఆర్‌ఎక్స్ 135 భాగాలు సులువుగా సరిపోతాయి. అందుకే ఇంజిన్, చాసిస్ నంబర్లను ఆర్‌సీతో సరిచూడకుండా బయానా ఇవ్వకూడదు.

పైగా చట్టం లెక్కలో ఆర్‌ఎక్స్ 100 వింటేజ్ బండే కాదు! 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన, చాసిస్‌లో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేయని వాహనానికే ఆ హోదా. తొలి ఆర్‌ఎక్స్ 100 కూడా 2035 దాకా ఆగాల్సిందే. 1961లో మైసూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జావాకు ఇప్పుడే అర్హత ఉంది. కొత్తగా నమోదు చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో వీఏ అన్న అక్షరాలు. ఆ నమోదు ఉంటే ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చనుకోవడమూ పొరపాటే. ర్యాలీకో, ప్రదర్శనకో, మరమ్మతుకో, పెట్రోలు పోయించుకోవడానికో తీయవచ్చు గానీ రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు.

కాగితాలు తర్వాత చూసుకోవచ్చులే అనుకుని చేతులు కాల్చుకున్నవారు ఎందరో. అసలు యజమాని చనిపోయి ఉంటే బండి ముందుగా ఫారం 31తో వారసుల పేరుకు మారాలి. ఆ తర్వాతే ఫారం 29, 30 సంతకాలతో కొన్నవారి పేరుకు వస్తుంది. వేరే రాష్ట్రం బండికి ఎన్‌ఓసీ కూడా కావాలి. వారసులు నలుగురు నాలుగు ఊళ్లలో ఉంటే ఇదొక్కటే నెలలు పడుతుంది. ధర మాట్లాడేది ఇదంతా తెలుసుకున్నాకే.

ఇక పెట్రోలు. సీసం కలపని పెట్రోలుతో పాత ఇంజిన్లన్నీ పాడవుతాయన్న భయం 2000లో దేశమంతటా సీసం తీసేసినప్పటి నుంచీ ఉంది. సీసం కాపాడేది వాల్వు సీట్లను. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బళ్లకు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లోలా వాల్వులే ఉండవు, కాబట్టి వాటికి ఆ బెంగ అక్కర్లేదు. పట్టించుకోవాల్సింది పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్‌ను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది. బండిని కొన్ని నెలలు కదపకుండా ఉంచాల్సి వస్తే ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయాలి. పాత పైపుల స్థానంలో ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాలి. తీసిన పైపులను మాత్రం పారేయకుండా బండితోపాటే దాచి ఉంచాలి.