పేరు తప్పితే మందు తప్పుతుంది

వరి ఎండితే "చేను కాలిపోయింది" అనేస్తాం. అగ్గి తెగులుకూ అదే మాట, దోమపోటుకూ అదే మాట. కానీ అగ్గి తెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆకులపై నూలు కండె ఆకారపు మచ్చలుంటాయి. దోమపోటు పురుగు వల్ల వస్తుంది. సుడిదోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలిస్తే పైరు సుడులు సుడులుగా ఎండుతుంది.

మందుల పేర్లతోనూ ఇదే చిక్కు. కార్బెండజిమ్‌ను కొందరు కార్బండిజం అని రాస్తారు. ఎలా రాసినా అది తెగులు మందే. కార్బోఫ్యూరాన్ మాత్రం పురుగులకు వేసే గుళికలు. సగం పేరు చెప్పి ఒకటి బదులు ఇంకొకటి తెచ్చుకుంటే డబ్బూ దండగ, పైరూ దక్కదు.

ఆనందపురం, పద్మనాభం మండలాల రైతు సోదరులారా! ఎండిన దుబ్బును పెరికి వ్యవసాయాధికారికి చూపించండి. మందు పూర్తి పేరు చీటీపై రాయించుకోండి. కొనేముందు ప్యాకెట్ మీది పేరుతో సరిచూసుకోండి.