ప్రోబ్ పట్టేదెవరు? ఫీజు కట్టే ముందే తెలుసుకోండి

ఇంటర్ బైపీసీ పూర్తయింది. నీట్‌లో సీటు రాలేదు. అంతలో ఓ కరపత్రం చేతికొచ్చింది. ‘6 నెలల సోనోగ్రఫీ కోర్సు.. చేరిన వెంటనే ఉద్యోగం ఖాయం’ అని ఉంది. వెంటనే ఫీజు కట్టేద్దామా? ఒక్క నిమిషం ఆగండి. అల్ట్రాసౌండ్ రంగంలో మంచి అవకాశాలున్నాయి. కానీ మన దేశంలో ప్రోబ్ ఎవరు పట్టాలన్నది చట్టంతో ముడిపడిన విషయం.

సోనాలజిస్ట్ వేరు.. సోనోగ్రాఫర్ వేరు

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో స్కాన్ చేసేది ఎక్కువగా సోనోగ్రాఫర్లే. వాళ్లు వైద్యులు కారు, ప్రత్యేక శిక్షణ పొందిన నిపుణులు. మన దగ్గర అలా కాదు. సాధారణంగా రేడియాలజిస్టులు, సోనాలజిస్టులు.. అంటే వైద్యులే స్కాన్ చేసి రిపోర్టు ఇస్తారు.

దీనికి ప్రధాన కారణం 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం. ఆడపిల్లలను కడుపులోనే చంపే దురాచారాన్ని ఆపడానికి తెచ్చిన చట్టమిది. దీని ప్రకారం గర్భిణులకు స్కాన్ చేసే అధికారం నిర్దేశించిన అర్హతలున్న వైద్యులకే ఉంది. స్కాన్ కేంద్రం రిజిస్టర్ అయి ఉండాలి. ప్రతి గర్భిణికీ ‘ఫారం ఎఫ్’ నింపాలి.

మరి ఆ 6 నెలల కోర్సు? నిబంధనల్లో 6 నెలల అల్ట్రాసౌండ్ శిక్షణ ఉన్నమాట నిజమే. అయితే అది ఎంబీబీఎస్ పూర్తిచేసిన వైద్యుల కోసం. ఇంటర్ విద్యార్థి ఏదో సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన ఆ అధికారం రాదు.

బైపీసీ తర్వాత దారులివీ..

డిప్లొమా: డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ టెక్నీషియన్ (డీఎంఐటీ). తెలుగు రాష్ట్రాల్లో పారామెడికల్ బోర్డుల పరిధిలో నడుస్తుంది. వ్యవధి 2 ఏళ్లు.

డిగ్రీ: బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి సుమారు 4 ఏళ్లు. ఏపీలో ఎన్‌టీఆర్, తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల అనుబంధ కళాశాలల ప్రకటనలు గమనిస్తుండండి. ఇది చదివినవారికి ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై విభాగాల్లో ఉద్యోగాలుంటాయి. అల్ట్రాసౌండ్ గదిలో రోగిని సిద్ధం చేయడం, యంత్రం చూసుకోవడం, రికార్డులు, చిత్రాలు భద్రపరచడం వీరి పని.

ఎకో టెక్నాలజీ: గుండె పనితీరు చూసే 2డీ ఎకో కూడా అల్ట్రాసౌండే. పలు ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన టెక్నాలజిస్టులు ప్రోబ్ పట్టి చిత్రాలు, కొలతలు తీస్తారు. రిపోర్టు బాధ్యత కార్డియాలజిస్టుది. స్కానింగ్ అంటే బాగా ఆసక్తి ఉన్నవారు కార్డియాక్ టెక్నాలజీ కోర్సులను పరిశీలించొచ్చు.

ఏం నేర్చుకోవాలి?

బైపీసీ వాళ్లం, ఫిజిక్స్‌తో పనేముంది అనుకోవద్దు. ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే చిత్రం స్పష్టంగా వస్తుంది, కానీ తరంగాలు లోతుకు వెళ్లలేవు. అందుకే మెడ దగ్గరి థైరాయిడ్‌కు ఒక ప్రోబ్, పొట్టకు మరొకటి వాడతారు. గాలి తరంగాలను అడ్డుకుంటుంది కాబట్టి చర్మంపై జెల్ రాస్తారు. పిత్తాశయం స్కాన్‌కు పరగడుపున రమ్మనడానికీ, పొత్తికడుపు స్కాన్‌కు నీళ్లు తాగి రమ్మనడానికీ కారణాలు తెలిసుండాలి.

ఓపిక, మాటతీరు కూడా కావాలి. ‘బాబా, పాపా? ఒక్క మాట చెప్పమ్మా’ అని బంధువులు బతిమాలతారు. మాటతోనే కాదు, సైగతో చెప్పినా నేరమే. తొలిసారికే 3 ఏళ్ల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా ఉంటాయి. కేంద్రంలో సాంకేతిక సేవలందించే సిబ్బందికీ ఇది వర్తిస్తుంది. ‘మేడమ్ చెప్పమన్నారు’ అంటే కుదరదు.

విదేశాలే లక్ష్యమైతే..

అమెరికాలో ఏఆర్‌డీఎంఎస్ ధ్రువీకరణకు మంచి విలువుంది. దీనికి ఎస్‌పీఐ అనే ఫిజిక్స్ పరీక్షతోపాటు ఎంచుకున్న విభాగంలో మరో పరీక్ష రాయాలి. చాలా అర్హత మార్గాల్లో క్లినికల్ అనుభవమూ చూపాలి. ఇక్కడ టెక్నీషియన్లకు స్కాన్ చేసే అవకాశం తక్కువ కాబట్టి చిక్కంతా అక్కడే వస్తుంది. బ్రిటన్‌లో కేస్, ఆస్ట్రేలియాలో అసార్ గుర్తింపున్న కోర్సులు చూసుకోవాలి. అక్కడికి వెళ్లి మళ్లీ చదవాల్సి రావొచ్చు. ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి.

చేరే ముందు ఈ ప్రశ్నలు అడగండి

- కోర్సుకు ఏ విశ్వవిద్యాలయం లేదా పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉంది? వాళ్ల మాట కాదు, ఆ సంస్థ జాబితాలో మీరే చూడండి.
- ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో? వారానికి ఎన్ని గంటలు?
- చదివాక నేను చట్టబద్ధంగా చేయగల పనులేంటి? రాసిస్తారా?
- గత బ్యాచ్ విద్యార్థులతో మాట్లాడొచ్చా?

మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. వీలైతే దగ్గర్లోని ఆసుపత్రి రేడియాలజీ విభాగంలో పనిచేసే టెక్నీషియన్‌ను కలిసి ఓ పావుగంట మాట్లాడండి. అమ్మానాన్నలు అప్పు తెచ్చి కట్టే ఫీజు.. ఆ పావుగంటతో నిలబడొచ్చు.